గుర్రుమనని కుక్క

మా మామగారి చొక్కా జేబులో పెన్ను ఉండదు, ఎముక బద్ద ఉంటుంది. జానెడు పొడవు, వేలెడు వెడల్పు. అంచులు అరిగిపోయి నున్నగా, పాత పన్ను రంగులో మెరుస్తుంటుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు కాగితం మడతని దానితోనే నొక్కుతారు. మామగారు దానితో ఇంకో పని కూడా చేస్తారు. ఫారాలు, అంటే అచ్చయి మడిచిన కాగితాల కట్టలు, వరసలో కూర్చేటప్పుడు ఎవరైనా మాట్లాడితే లెక్క తప్పుతుంది, పద్దెనిమిదో ఫారం తర్వాత ఇరవయ్యోది వచ్చి కూర్చుంటుంది. అట్ట అతికించాక గాని ఆ తప్పు బయటపడదు. అందుకని ఆ వేళ మా బైండింగు షాపులో మాటలు బంద్. ఎవరైనా నోరు తెరిస్తే ఆయన తలెత్తరు. బద్దతో బల్ల మీద ఒక్కసారి కొడతారు. టక్. అంతే.

షాపు కింద, ఇల్లు పైన, మధ్యలో పదమూడు మెట్లు. నేను కాపురానికి రాకముందే ఎప్పుడో ఆ చప్పుడు మెట్లెక్కి పైకి వచ్చేసింది. భోజనాల దగ్గర బావగారూ మా ఆయనా గొంతు పెంచితే టక్. అక్క, అంటే మా తోడికోడలు, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొస్తానంటే టక్. అత్తగారు లేరు. ఉన్నప్పుడు ఆవిడకీ టక్కేనని అక్క చెప్పింది. నేను వచ్చిన మొదటివారం, "జిగురు కాస్త పలచనైనట్టుంది మామయ్యగారూ" అన్నాను. టక్. జిగురు నిజంగానే పలచనైంది. ఆ దఫా పుస్తకాలన్నీ అట్టలు ఊడి వెనక్కొచ్చాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జిగురు మేం మైదాపిండితో కాస్తాం. మైదా ఉన్నచోటికి ఎలుకలు రాకుండా ఉండవు. ఆ ఏడాది ఒక లాయరుగారి పుస్తకాల వీపులన్నీ కొరికి పెట్టాయి. బోనులు పెట్టాం, మందు పెట్టాం, ఫలితం లేదు. అప్పుడు బావగారు, "టెర్రియర్ కుక్కపిల్లని తెద్దాం నాన్నా. గుప్పెడంత ఉంటుంది, చోటు తినదు. ఎలుకల పీడా పోతుంది, చిట్టికి ఆటా అవుతుంది" అన్నారు. చిట్టి ఆయన కూతురు, అయిదేళ్ళది. మామగారు బద్ద కొట్టలేదు కాబట్టి సరేనన్నట్టే.

కుక్కల్ని పెంచి అమ్మే ఆవిడ ఇంటికి బావగారితో నేను వెళ్ళాను. పిల్లని సాకాల్సింది నేనేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది మరి. ఆవిడ ఇంటి వరండాలో నాలుగు పిల్లలు ఒక పాత సాక్సు కోసం లాక్కుంటున్నాయి. అన్నిటికంటే చిన్నది, మొహమంతా ముళ్ళలాంటి జుట్టున్నది, సాక్సు గెలుచుకుని వచ్చి నా చెప్పు మీద కూర్చుంది.

"ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసే రకం కాదండీ ఇది" అందావిడ. "కన్నంలో దూరి ఎలుకని ఈడ్చుకొచ్చే జాతి. లోపల చీకట్లో దానికి చెప్పేవాళ్ళెవరుంటారు? తన బుర్రతో తనే తేల్చుకోవాలి. అందుకని మీ మాట వింటుంది గానీ, ఎందుకు వినాలో ముందు దానికి తోచాలి."

"మా ఆవిడ టైపన్నమాట" అన్నారు బావగారు.

"అయితే మీకు అలవాటేగా" అందావిడ నవ్వకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "చూడమ్మా, తిండి దగ్గర ఇది గుర్రుమంటుంది. అన్నప్పుడు తిట్టకండి. అది దాని మాట. నా గిన్నె లాక్కుంటారేమోనని భయంగా ఉంది, దగ్గరికి రావద్దు అంటోందన్నమాట. ఒక అడుగు వెనక్కేసి ఇంకా మంచి ముక్కేదైనా విసరండి. మనిషి చెయ్యి వస్తే తీసుకుపోదు, ఇచ్చిపోతుంది అని నెమ్మదిమీద దానికే తెలుస్తుంది. గదమాయించి నోరు మూయించారనుకో, చప్పుడే పోతుంది. భయం ఎక్కడికీ పోదు."

బావగారు ఫోను చూసుకుంటున్నారు. ఆ మాటలు విన్నది నేనొక్కదాన్నే.

చిట్టి దానికి మిరియం అని పేరు పెట్టింది. నల్లగా, చిన్నగా, ఘాటుగా ఉండేది. సరిగ్గా సరిపోయింది.

మొదటి నెలంతా నా జీవితం పాత న్యూస్‌పేపర్ల మీద గడిచింది. అది తిన్నాక, నిద్ర లేచాక, ఆడాక, మూడు వేళలా చంకన వేసుకుని పదమూడు మెట్లు దిగి పెరటి తలుపు దగ్గర కాగితం మీద నిలబెట్టేదాన్ని. పని కానిస్తే ఉడికించిన గుడ్డు ముక్క, గోరంత. తొమ్మిదో రోజుకి తనంతట తనే మెట్లు దిగి వెళ్ళి, పని కానిచ్చి, పైకి వచ్చి నా ముందు కూర్చుని గుడ్డు అడిగింది. చెప్పులు కొరికేది. మడిచిన ఫారాలు ఎత్తుకుపోయి బీరువా కింద దూరేది. వెంటపడితే అదొక ఆటనుకుని ఇంకా లోపలికి పోయేది. వెంటపడకుండా గుడ్డు ముక్క చూపించి "వదులు" అంటే, కాసేపు బేరం ఆలోచించి వదిలేది. పాలపళ్ళు సూదుల్లా ఉండేవి. ఆటలో గట్టిగా కొరికినప్పుడు కదలకుండా చేతులు కట్టుకుని నిలబడమని చిట్టికి నేర్పాను. "నేను చెట్టుని" అని చిట్టి కళ్ళు మూసుకుని నిలబడేది. చెట్టుతో ఏం ఆడతాం అనుకుని మిరియం వదిలేసేది.

పాఠం ఎప్పుడూ అయిదు నిమిషాలే. అంతకు మించితే దాని దృష్టి పోయి గోడ పక్కన కన్నం మీద పడేది. "కూర్చో" రెండు రోజుల్లో వచ్చింది. "ఆగు" రావడానికి మూడు వారాలు పట్టింది. ఆగడం దాని రక్తంలోనే లేదు. గుడ్డు ముక్క నేల మీద పెట్టి "ఆగు" అంటే ఒళ్ళంతా వణికిపోతూ, నా కళ్ళలోకి చూస్తూ ఆగేది. "ఊఁ" అన్నాక గాని ముట్టేది కాదు. ఎవరో ఒకరు నా మాట కోసం అలా ఎదురుచూడటం ఆ ఇంట్లో నాకదే మొదలు.

నాలుగో నెలలో మొదటి ఎలుకని పట్టింది. మెడ దగ్గర కరిచి, రెండుసార్లు విదిలించి, తీసుకొచ్చి మామగారి స్టూలు ముందు పడేసింది. ఆయన చూసి "శభాష్" అన్నారు. ఆ మాట ఆయన నోట మేమెవరమూ అంతకుముందు వినలేదు. మా ఆయన నా వైపు వంగి, "ముప్ఫై ఏళ్ళుగా ఎలుకల్ని పట్టకపోవడం నాదే పొరపాటు" అన్నారు.

ఒక మధ్యాహ్నం మిరియం తింటుంటే మామగారు కాలితో గిన్నెని పక్కకి జరపబోయారు. మిరియం గుర్రుమంది. పెద్దగా ఏం కాదు, పక్కింట్లో కుట్టుమిషను నడుస్తున్నట్టు.

"నా ఇంట్లో నా మీదే గుర్రా?" అన్నారాయన. జేబులోంచి బద్ద తీసి దాని ముక్కు మీద ఒక్కటిచ్చారు. అది కీచుమని వెనక్కి పోయింది.

"మామయ్యగారూ, గుర్రుమంటే తిట్టొద్దని ఆవిడ..."

టక్.

మర్నాటి నుంచి అదే పాఠం. ఆయన గిన్నె మీద చెయ్యి వేస్తారు, అది గుర్రుమంటుంది, ముక్కు మీద దెబ్బ. వారం తిరిగేసరికి దెబ్బ అక్కర్లేకపోయింది, బల్ల మీద చప్పుడు చాలు. నెల తిరిగేసరికి చప్పుడూ అక్కర్లేదు. గిన్నె తీసినా, నోటి ముందు నుంచి ముక్క లాగినా మిరియం నోరెత్తేది కాదు. మామగారికి అదొక ప్రదర్శన అయింది. లైబ్రరీ నుంచి చిరిగిన పుస్తకాలు తెచ్చే గుమాస్తాకి చూపించారు.

"చూడండి. గిన్నె తీసేస్తున్నాను. ఏమైనా అందా? కుక్కకి పెంపకం ముఖ్యం."

"మా ఇంట్లో మనుషులకే లేదండీ ఇంత క్రమశిక్షణ" అన్నాడు గుమాస్తా.

"మా ఇంట్లో మనుషులకీ ఉంది" అని బావగారు గొణిగారు. టక్.

అది ఏమీ అనదు, నిజమే. కానీ నేను దాన్ని గమనిస్తూనే ఉన్నాను. గిన్నె మీదకి చెయ్యి రాగానే నమలడం ఆపేస్తుంది. ఒళ్ళు కర్రలా బిగుస్తుంది. తల తిప్పదు గాని కళ్ళు పక్కకి తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఒకసారి పెదవి నాక్కుంటుంది. గుర్రు ఒక్కటే లేదు, మిగతాదంతా ఉంది.

పుస్తకాలు కుట్టే దారానికి మైనం పూస్తూ మా ఆయనకి చెప్పాను.

"మిరియానికి భయం పోలేదండీ. చప్పుడే పోయింది. ఎప్పుడో ఒకప్పుడు కరుస్తుంది."

"నాన్నకి చెప్పు."

"మీరు చెప్పండి. మీ నాన్నగారు."

"కుక్క సంగతి నీకు బాగా తెలుసు."

"నాన్న సంగతి మీకు బాగా తెలుసు."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం చెప్పలేదు.

అది జరిగిన రోజు నేను షాపులో ఉన్నాను. పైన చిట్టి కేక. నేను మెట్లెక్కి వెళ్ళేసరికే అక్క పిల్లని ఎత్తుకుంది, అక్క జాకెట్టు భుజమంతా రక్తం. మిరియం మంచం కింద మూలకి పోయి వణుకుతోంది. నేల మీద దాని గిన్నె, గిన్నె పక్కన ఒక చెమ్చా. తర్వాత ఏడుపు మధ్యలో చిట్టి చెప్పింది: "నేను తాతయ్యలా చెమ్చాతో టక్ అన్నాను, గిన్నె తీశాను. అది ఏమీ అనలేదు. ఏమీ అనకుండానే కరిచింది."

కంటికి కాస్త కింద, బుగ్గ మీద రెండు కుట్లు పడ్డాయి. "ఇంకో అరంగుళం పైకి పడుంటే కన్ను పోయేది" అన్నారు కుట్లు వేసిన ఆయన. అక్క ఇంటికి వచ్చి నాతో ఒకే మాట అంది: "నా కూతురుండాలా, నీ కుక్కుండాలా?" అక్కని తప్పు పట్టలేను. ఆ గాయానికి నేనే రోజూ మందు రాశాను.

పశువుల డాక్టరమ్మ కరిచిన కుక్కని పది రోజులు గమనించాలంది, జబ్బేమైనా ఉంటే బయటపడుతుందని. ఆసుపత్రి వెనక గదిలో బోనులో పెట్టారు. చేర్చిన రోజే అడిగింది:

"కరిచే ముందు గుర్రుమందా? పళ్ళు చూపించిందా?"

"లేదండీ" అన్నారు బావగారు.

"అదే చిక్కు. ముందు చెప్పి కరిచే కుక్కని మార్చొచ్చు. చెప్పకుండా కరిచే కుక్కని ఏ ఇంటికీ పంపలేను. పదో రోజు చూసి చెబుతాను. పంపగలిగేలా ఉంటే కార్డు రాసిస్తాను. లేదంటే ఇంజక్షనే."

మిరియాన్ని అమ్మిన ఆవిడకి నేను ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

"చెప్పానుగా అమ్మా" అంది.

"చెప్పారండీ."

"నా దగ్గర మనవలున్నారు. అది ముందు హెచ్చరిస్తుందని డాక్టరు కార్డు మీద రాసిస్తే తీసుకుంటాను. మళ్ళీ మొదటినుంచీ నేర్పుతాను. ఊరికే నీ మాట మీద తీసుకోలేను, ఏమనుకోకు."

రోజూ మధ్యాహ్నం షాపు పని ముగించుకుని గుడ్డు పట్టుకుని వెళ్ళేదాన్ని. మొదట్లో మిరియం బోను వెనక్కి ఒదిగి కూర్చుని తినేది కూడా కాదు. ఏడో రోజు, బోనులు కడిగే ముసలాయన నన్ను చూడగానే ఫిర్యాదు చేశాడు.

"మీ కుక్కకి పొగరమ్మా. పొద్దున గిన్నె తీయబోతే నా మీద గుర్రుమంది."

"గుర్రుమందా? నిజంగా?"

"ఏంటమ్మా అలా సంబరపడతావు? కరిస్తే నా చెయ్యి కదా పోయేది!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ గదిలో బల్లా లేదు, బద్దా లేదు. ఏడు రోజులు ఎవరూ కొట్టకపోయేసరికి దాని మాట దానికి తిరిగి వచ్చింది. నేను గిన్నె వైపు నెమ్మదిగా చెయ్యి చాపాను. దాని గొంతులో కుట్టుమిషను నడిచింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని గుడ్డు ముక్క విసిరాను. మళ్ళీ చాపాను, మళ్ళీ విసిరాను. తొమ్మిదో రోజుకి గుర్రుమంటూనే తోక కూడా ఊపింది. రెండిట్లో ఏది ముందనాలో తేల్చుకోలేనట్టు.

డాక్టరమ్మని పిలిచి చెప్పాను.

"రేపు నా ముందు చూపించు" అంది. "సంతకానికి యజమాని వస్తారుగా, ఆయన ముందే చూస్తాను. గుర్రుమంటే కార్డు రాసిస్తాను."

యజమాని మామగారు. కాగితం ఆయన పేరు మీద ఉంది.

"నాన్న ముందు చెప్పేస్తావా ఇదంతా?" అన్నారు మా ఆయన.

"నేనేం చెప్పను. అదే చెబుతుంది."

పదో రోజు మామగారూ మా ఆయనా నేనూ వెళ్ళాం. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, జేబులో బద్ద ఉంది. డాక్టరమ్మ గది చిన్నది. స్టీలు బల్ల, గోడకి క్యాలెండరు, మూలన తూకం. బయట పిల్లుల బుట్టలతో, కుక్కలతో జనం నిలబడి ఉన్నారు.

"మీ ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడైనా గుర్రుమనేదా అండీ?" అడిగింది డాక్టరమ్మ.

"ఒక్కనాడూ గుర్రుమన్న పాపాన పోలేదు" అన్నారు మామగారు, ఎదుటివాళ్ళు మెచ్చుకుంటారన్నట్టు చూస్తూ. "ఎవరినైనా అడగండి. పెంపకం అలాంటిది."

"అదే కదండీ నా భయం" అంది ఆవిడ. ఆయనకి అర్థం కాలేదు.

ముసలాయన మిరియాన్ని తెచ్చి నేల మీద దించాడు. గిన్నె పెట్టాడు. అది తినడం మొదలుపెట్టింది. నేను గొంతుక్కూర్చుని ఎడమ చేతిలో గుడ్డు ముక్క దాచుకుని, కుడి చెయ్యి నెమ్మదిగా చాపాను. గుర్రు మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గదిలో అందరికీ వినిపించేంతగా. తోక చివర కదులుతోంది.

"వినబడిందా డాక్టరుగారూ..." అని నేను తలెత్తేలోగా, స్టీలు బల్ల మీద.

టక్.

కావాలని కొట్టారో, అలవాటుగా కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. గుర్రు దారం తెగినట్టు తెగిపోయింది. తోక ఆగింది. ఒళ్ళు బిగిసింది. కళ్ళలో తెల్ల నెలవంక. నాకు అన్నీ తెలుసు, చెయ్యి వెనక్కి తీసుకోవాల్సింది. మళ్ళీ గుర్రుమంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అది ఏమీ అనకుండా కరిచింది. బొటనవేలి కింద, రెండు గాట్లు.

డాక్టరమ్మ నా చెయ్యి కుళాయి కింద పెట్టి కడిగింది.

"ఇందాక ఏదో చప్పుడైంది" అంది. "అప్పుడే అది గుర్రు ఆపేసింది. ఏంటది?"

మా ఆయన క్యాలెండరు చూస్తున్నారు. మామగారి చెయ్యి జేబు మీద ఉంది.

"నిన్నేనమ్మా అడుగుతున్నాను. రోజూ చూసేదానివి నువ్వు. ఆ చప్పుడు దానికి అలవాటా? అలా అయితే సంగతి వేరు."

ఒక్క ముక్క చాలు. అవును అంటే చాలు. ఆవిడ పెన్ను పట్టుకుని, నా మొహంలోకే చూస్తూ నిలబడింది. తొందరపెట్టను కూడా లేదు.

"ఏ చప్పుడండీ?" అన్నాను.

ఆవిడ కార్డు పక్కకి పెట్టి, ఇంజక్షను కాగితం నింపింది. మామగారు సంతకం పెట్టారు. పెడుతూ, "నాకూ కష్టంగానే ఉందండీ, ఎలుకల పనిలో దానికి సాటి లేదు" అన్నారు. అబద్ధం కాదు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి.

"నీ మాట వింటుందిగా, కదలకుండా కూర్చోబెట్టగలవా?" అంది డాక్టరమ్మ.

కూర్చో అన్నాను. కూర్చుంది. నా ఎడమ చేతిలో గుడ్డు ముక్క ఇంకా ఉంది, అది దాని వైపే చూస్తోంది. ఆగు అన్నాను. సూది పట్టుకుని ఆవిడ వంగినా ఆగింది. ఒళ్ళంతా వణికిపోతూ, నా కళ్ళలోకి చూస్తూ, నేను "ఊఁ" అంటానని ఆగింది. మూడు వారాలు పట్టింది దానికి ఆ మాట నేర్పడానికి.

"ఊఁ" అన్నాను. అప్పటికే ఆలస్యమైంది.

ఇంట్లో దాని గిన్నె కడిగి జిగురు కలపడానికి వాడుకుంటున్నాం. ఎలుకలు తిరిగొచ్చాయి. లైబ్రరీ గుమాస్తా వచ్చినప్పుడు మామగారు చెబుతారు: "మంచి కుక్కండీ, నోరనేది ఎరగదు. ఏం బుద్ధి పుట్టిందో ఏమో." ఆయన నిజంగానే ఆలోచిస్తారు ఆ సంగతి. అంతు పట్టదు.

చిట్టి బుగ్గ మీద మచ్చ గులాబీ రంగుకి దిగింది. నిన్న భోజనాల దగ్గర, నా పక్కనే కూర్చున్న చిట్టి ఉన్నట్టుండి తలెత్తింది.

"పిన్నీ, మిరియాన్ని ఎక్కడికి పంపించేశారు? అది నా..."

టక్.

చిట్టి నోరు మూసుకుంది. నమలడం ఆపేసింది. తల తిప్పలేదు గాని కళ్ళు పక్కకి తిరిగాయి. ఒకసారి పెదవి నాక్కుంది. వాళ్ళ నాన్న ఇంకో ముద్ద కలుపుకున్నారు, అక్క నీళ్ళు పోసింది. అందరూ తింటున్నారు.

నా చెయ్యి చిట్టి గిన్నె పక్కన ఉంది. నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాను.